అద్దెకిచ్చిన ఇల్లు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఆ ఇంటి తలుపు తట్టండి

ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇళ్ళకి ఈ మధ్య ఎప్పుడు భోజనానికి వెళ్ళినా ఒక మాట వినిపిస్తోంది: "ఆ బై టు లెట్ అమ్మేద్దామనుకుంటున్నాం." బై టు లెట్ అంటే అద్దెకివ్వడానికని కొన్న ఇల్లు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. 1996లో బై టు లెట్ మార్ట్‌గేజ్‌లు మొదలైనప్పటి లెక్కలు ఇప్పుడు లేవు. అప్పట్లో అద్దెలోంచి అప్పు మీద వడ్డీ మొత్తం తీసేసి, మిగిలినదానికే పన్ను కట్టేవాళ్ళు. 2017 నుంచి ఆ వెసులుబాటుని కొద్దికొద్దిగా కోసుకుంటూ వచ్చారు. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీలో 20 శాతం మేరకే పన్ను తగ్గిస్తున్నారు. 40 శాతం పన్ను కట్టే ఉద్యోగికి ఏడాదంతా చేతిలో ఏమీ మిగలకపోయినా పన్ను మాత్రం పడుతుంది. 2027 ఏప్రిల్ నుంచి అద్దె ఆదాయం మీద పన్ను రేట్లు ఇంకో 2 శాతం పెరుగుతాయని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు. తక్కువ వడ్డీ రోజుల్లో ఫిక్స్ చేసుకున్న అప్పులు కూడా ఒక్కొక్కటిగా గడువు తీరి ఎక్కువ వడ్డీకి మారుతున్నాయి. కాబట్టి అమ్మాలా వద్దా అని నేను ఎవరితోనూ వాదించను.

నా వాదనంతా ఎలా అమ్మాలి అన్నదాని మీదే. అమ్మాలని అనుకోగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఫోన్ తీసి, ఆన్‌లైన్ ఏజెంట్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టడం. అది ఒక ధర చూపిస్తుంది, కార్డు నంబర్ అడుగుతుంది, ఫొటోగ్రాఫర్ ఎప్పుడు రావాలో అడుగుతుంది. రాత్రి భోజనం అయ్యాక సోఫాలో కూర్చుని అరగంటలో ఇల్లు అమ్మకానికి పెట్టేయొచ్చు. ఆ ఇంట్లో ఒక కుటుంబం ఉంటోందని, వాళ్ళకి ఈ సంగతి తెలియదని ఆ ఫారంలో ఎక్కడా గుర్తుచేయరు. ఆన్‌లైన్‌లో అమ్మడానికి నేను వ్యతిరేకిని కాదు. రెడింగ్‌లో మా రెండు బెడ్‌రూముల ఫ్లాట్ మేమూ ఆన్‌లైన్ ఏజెంట్ ద్వారానే అమ్మాం. నేను వ్యతిరేకించేది ఆ వరసని. అద్దెకున్నవాళ్ళతో మాట్లాడడం మొదటి పని, కాగితాలు రెండో పని, ఫొటోలూ లిస్టింగూ చిట్టచివరి పని. ఈ వరస మర్యాద కోసం పాటించినా చాలు. కానీ ఇప్పుడున్న చట్టంలో, ఇప్పుడున్న పన్నుల్లో, డబ్బు కోసమైనా పాటించక తప్పదు.

ముందు ఫీజు సంగతి చూద్దాం, అందరూ ఆగేది అక్కడే కాబట్టి. మామూలు ఏజెంట్ సాధారణంగా అమ్మిన ధరలో 1 నుంచి 1.5 శాతం తీసుకుంటాడు, వ్యాట్ అదనం. ఇల్లు అమ్ముడుపోతేనే ఇవ్వాలి. ఆన్‌లైన్ ఏజెంట్లలో ఎక్కువమంది ఒక స్థిరమైన మొత్తం తీసుకుంటారు. ముందే కడితే తక్కువ, కానీ ఇల్లు అమ్ముడుపోకపోయినా అది తిరిగి రాదు. తర్వాత కడతామంటే రేటు పెరుగుతుంది, పైగా వాళ్ళు చెప్పిన సొలిసిటర్ (అమ్మకం కాగితాలు చూసే లాయర్) దగ్గరికే వెళ్ళాలని షరతు పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఒక ఇల్లు 2,65,000 పౌండ్లకి అమ్ముతామనుకోండి. 1.25 శాతం, వ్యాట్‌తో కలిపి 3,975 పౌండ్లు. ఆన్‌లైన్‌లో 1,500కి అయిపోతే మిగిలింది 2,475. ఆ ఇంటి ధరలో 1 శాతం అంటే 2,650. అంటే బేరంలో ఒక్క శాతం జారితే మిగులు మొత్తం పోయినట్టే. అందుకే ఫీజు గురించి వారం రోజులు ఆలోచించి, కొనేవాడితో బేరం గురించి ఐదు నిమిషాలు కూడా ఆలోచించనివాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి. "ఏజెంటే లేకుండా రైట్‌మూవ్‌లో నేనే పెట్టుకుంటా" అని అడిగేవాళ్ళున్నారు. కుదరదు. ఇళ్ళ ప్రకటనలు పెట్టే సైట్ రైట్‌మూవ్ సొంతదారుల దగ్గరనుంచి నేరుగా ప్రకటనలు తీసుకోదు, ఏజెంట్ ద్వారానే వెళ్ళాలి. ఆన్‌లైన్ ఏజెంట్‌కి మనం కట్టే డబ్బులో పెద్ద భాగం ఆ తలుపు తెరిపించుకోవడానికే. ఆ ఏజెంట్ నిలకడ కూడా చూసుకోవాలి. ఈ రంగంలో అందరికీ తెలిసిన ఆన్‌లైన్ ఏజెంట్ కంపెనీ పర్పుల్‌బ్రిక్స్ 2023లో కేవలం 1 పౌండ్‌కి చేతులు మారింది. ముందుగా డబ్బు కట్టేవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా ఫ్లాట్‌లో ఒక చిన్న కుటుంబం చాలా ఏళ్ళుగా ఉండేది. భార్య హాస్పిటల్‌లో పనిచేసేది, భర్త గిడ్డంగిలో రాత్రి షిఫ్టులు. అమ్మాలని నిర్ణయించుకున్నాక నేనూ మావారూ ముందుగా వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళకి వీలైన సాయంత్రం వెళ్ళాం. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను విషయం చెప్పగానే ఆయన ముందు భార్య వైపు చూశాడు, తర్వాత పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న కూతురి వైపు. "ఎంత టైముంది?" అన్నాడు. ధర ఎంత అని గానీ, ఎందుకు అమ్ముతున్నారని గానీ అడగలేదు. ఆ పిల్లకి పక్క వీధిలో ఉన్న ప్రైమరీ స్కూల్లో సీటు దొరకడానికి వాళ్ళు ఎంత తంటాలు పడ్డారో ఆవిడ అప్పుడు చెప్పింది. స్కూల్ సంవత్సరం జూలైలో అయిపోతుంది. అప్పటిదాకా వాళ్ళని కదిలించబోమని, చూడ్డానికి వచ్చేవాళ్ళని శనివారాలు మాత్రమే తీసుకొస్తామని మేం మాటిచ్చాం. ఇల్లు శుభ్రంగా చూపిస్తామని వాళ్ళు మాటిచ్చారు. ఆ నెలల్లో అద్దె కొంచెం తగ్గించాం. దీన్నంతా ఒక పేజీ ఈమెయిల్‌లో రాసుకున్నాం.

ఆ సంభాషణ వల్ల మాకు దొరికినవి చెప్తాను. ఒకటి, వాళ్ళు వెళ్ళే తేదీ ముందే తెలిసింది కాబట్టి కొనేవాళ్ళకి కచ్చితంగా చెప్పగలిగాం. రెండు, చూడ్డానికి వచ్చినవాళ్ళతో ఆవిడే మాట్లాడేది: చలికాలంలో ఏ గది వెచ్చగా ఉంటుందో, పైన ఉండేవాళ్ళు ఎలాంటివాళ్ళో. నేను చెబితే అమ్మకం మాట అనుకునేవాళ్ళు, ఆవిడ చెబితే నమ్మారు. ఆన్‌లైన్ ఏజెంట్ ఇల్లు చూపించడానికి రాడు, వస్తే దానికి వేరే ఛార్జీ. ఆ పనిని మనమే చేసుకోవాలి. ఇంట్లో ఉన్నవాళ్ళ సహకారం లేకపోతే ఆ పని జరగదు. అద్దె ఒప్పందం నడుస్తున్నంత కాలం ఆ ఇంట్లో ప్రశాంతంగా ఉండే హక్కు వాళ్ళది. చూడ్డానికి వచ్చేవాళ్ళని వద్దంటే తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయే అధికారం యజమానికి లేదు.

దీనికి ఉల్టాగా జరిగిన సంగతి కూడా చూశాను. తెలిసిన కుర్రాడు ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, ఇల్లు రైట్‌మూవ్‌లో లైవ్ అయిపోయింది. టెనెంట్స్‌కి ఎలా చెప్పాలో తెలియట్లేదు, కొంచెం టెన్షన్‌గా ఉంది" అన్నాడు. అతను ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే వాళ్ళకి తెలిసిపోయింది. ఎవరో స్నేహితురాలు "మీ ఇల్లే కదా ఇది?" అని లింక్ పంపిందట. ఫొటోలు ఇన్‌స్పెక్షన్ పేరు చెప్పి తీసినవి. నేను ఆ లిస్టింగ్ తెరిచి చూశాను. ఫ్రిజ్ మీద పిల్లవాడి క్లాస్ ఫొటో, స్వెటర్ మీద స్కూల్ పేరు చదివేటంత స్పష్టంగా ఉంది. బెడ్‌రూమ్ కిటికీ గట్టు మీద వరసగా మందుల డబ్బాలు. కిందనే మ్యాప్‌లో పిన్ను. ఒక కుటుంబం ఎక్కడుంటుందో, పిల్లాడు ఏ స్కూల్‌కి వెళ్తాడో, ఎవరికి ఏ జబ్బు ఉందో దేశమంతా చూసేలా పెట్టినట్టయింది. వాళ్ళు కోపంతో ఊగిపోయారు, ఆ తర్వాత ఒక్క వ్యూయింగ్‌కీ ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. అతను వాడిన సైట్ ఆ వరసలోనే పని చేయించింది. ఫొటోలు వాళ్ళ అనుమతితో, వాళ్ళు సర్దుకున్నాక, వాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు తీయించాలి. ఇల్లు మొదటిసారి అద్దెకిచ్చినప్పుడు తీసిన ఖాళీ గదుల ఫొటోలు ఉంటే, ఇంటి స్థితి మారకపోతే, అవే వాడుకోవచ్చు.

ఇప్పుడు చట్టం. ఇంగ్లండ్‌లో రెంటర్స్ రైట్స్ యాక్ట్‌కి 2025 అక్టోబర్ 27న రాజముద్ర పడింది. 1988 హౌసింగ్ యాక్ట్‌లోని సెక్షన్ 21, అంటే కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే దారి, 2026 మే 1 నుంచి ఉండదు. అమ్మడానికి ఖాళీ చేయించాలంటే గ్రౌండ్ 1ఏ అనే కారణం చూపించాలి. నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. అద్దె మొదలై తొలి 12 నెలల్లో ఆ కారణంతో పంపించలేం. అన్నిటికంటే పెద్ద షరతు ఇది: ఆ కారణంతో ఖాళీ చేయించాక 12 నెలల పాటు ఆ ఇంటిని మళ్ళీ అద్దెకి ఇవ్వకూడదు, అద్దెకని ప్రకటన కూడా పెట్టకూడదు.

ఆ చివరి షరతుని ఇంగ్లండ్‌లో ఇళ్ళ బేరాలు ఎలా నడుస్తాయో దానితో కలిపి చూడండి. ఇక్కడ ఆఫర్ ఒప్పుకున్నా అది "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" మాత్రమే. రెండువైపులా సంతకాలైన కాంట్రాక్టులు మార్చుకునేదాకా, అంటే ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, ఎవరైనా, ఏ రోజైనా, ఏ కారణం లేకుండా వెనక్కి పోవచ్చు. కొనేవాడికి అప్పు రాకపోవచ్చు, సర్వేలో తేమ కనబడొచ్చు, అతని కింద కొనేవాళ్ళ బేరం చెడితే ఆ గొలుసు మొత్తం తెగిపోవచ్చు. ఇదివరకు అలా బేరం చెడితే యజమాని మళ్ళీ అద్దెకిచ్చుకునేవాడు. ఇప్పుడు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించాక బేరం చెడితే, ఖాళీ ఇంటికి మార్ట్‌గేజ్, సర్వీస్ ఛార్జ్, కౌన్సిల్ టాక్స్ కట్టుకుంటూ ఇంకో కొనేవాడి కోసం చూడాల్సిందే. ఇల్లు ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉంటే చాలా ఇన్సూరెన్స్ పాలసీలు కొన్ని నష్టాలకి డబ్బు ఇవ్వవు, కంపెనీకి ముందే చెప్పాలి. అరగంటలో పెట్టిన లిస్టింగ్ వెనక ఇంత ఉంది.

అందుకే నోటీసు దాకా వెళ్ళకుండా మాట్లాడుకుని తేదీ కుదుర్చుకోవడమే మేలంటాను. కొత్త చట్టంలో అద్దెకున్నవాళ్ళు రెండు నెలల నోటీసు ఇచ్చి తమంతట తాము వెళ్ళొచ్చు. వాళ్ళకి వేరే ఇల్లు దొరికాక, మీకు గట్టి కొనుగోలుదారు దొరికాక, ఇద్దరి తేదీలూ కలుపుకోవచ్చు. అలా కలుపుకున్నందుకు ఒక నెల అద్దె వదులుకున్నా, సామాను తరలించే ఖర్చు ఇచ్చినా, ఖాళీ ఇంటి మీద నాలుగు నెలలు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చిన్నది. మన స్వార్థానికి సంబంధం లేకుండా కూడా, ఊళ్ళో అద్దెకి ఇల్లు వెతుక్కోవడం ఎంత కష్టంగా ఉందో మనకి తెలుసు. మనమూ ఇక్కడికి వచ్చిన కొత్తలో జీతం స్లిప్పులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్ళమే.

"అయితే అద్దెకున్నవాళ్ళతో సహా ఇంకో లాండ్‌లార్డ్‌కే అమ్మేస్తే పోలా?" అంటారు. దీన్నే టెనెంట్ ఇన్ సిటు అంటారు. అద్దె ఒక్క రోజు కూడా ఆగదు, ఎవరూ ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. వినడానికి అన్నిటికంటే మంచి దారి ఇదే. కానీ తాముండడానికి ఇల్లు కొనేవాళ్ళకి బ్యాంకులు ఖాళీ ఇంటి మీదే అప్పిస్తాయి. కాబట్టి కొనగలిగేది పెట్టుబడిదారులే. వాళ్ళ మీద స్టాంప్ డ్యూటీ అదనపు భారం 2016 ఏప్రిల్‌లో 3 శాతంగా మొదలై, 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతం అయింది. మన 2,65,000 పౌండ్ల ఇంటికి మామూలు స్టాంప్ డ్యూటీ 3,250. పెట్టుబడిదారు దాని మీద ఇంకో 13,250 కట్టాలి, మొత్తం 16,500. ఆ డబ్బు అతను ఎక్కడినుంచి తెస్తాడు? మన ధరలోంచే కోసి ఆఫర్ చేస్తాడు.

అదే ఇంటిని మొదటిసారి ఇల్లు కొనే వ్యక్తి కొంటే? ఇంగ్లండ్‌లో వాళ్ళకి 3,00,000 పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు. కట్టాల్సింది సున్నా. మరి ఇప్పటిదాకా ఎప్పుడూ ఇల్లు కొనని, ఈ ఇంటి మంచీ చెడూ పూర్తిగా తెలిసిన, ఇక్కడే ఉండాలని గట్టిగా కోరుకునే మనిషి ఎవరు? చాలాసార్లు ఆ మనిషి ఇప్పుడు ఆ ఇంట్లోనే అద్దెకుంటున్నాడు. ఏజెంట్ ఫీజు లేదు, ఖాళీగా ఉండే నెలలు లేవు, గొలుసు లేదు, ఫొటోలు కూడా అక్కర్లేదు. మా ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళకి డిపాజిట్ (బ్యాంకు అప్పు కాకుండా కొనేవాళ్ళు చేతినుంచి పెట్టాల్సిన డబ్బు) సరిపోక కుదరలేదు గానీ, మా స్నేహితులకి అలాగే కుదిరింది. యజమాని ధర కొంత తగ్గిస్తే, ఆ తగ్గించిన మొత్తాన్ని డిపాజిట్‌గా లెక్కలోకి తీసుకునే బ్యాంకులు కొన్ని ఉన్నాయి, మార్ట్‌గేజ్ బ్రోకర్‌ని అడిగితే చెప్తారు. ఆ తగ్గింపు ఏజెంట్ ఫీజు, ఖాళీ నెలల అద్దె కలిపినంతే అయితే మనకి పోయేదేమీ లేదు. అందుకే ముందు వాళ్ళని అడగాలి, ధర చెప్పి, ఆలోచించుకోవడానికి కొన్ని వారాలు ఇచ్చి.

మనవాళ్ళు అద్దెకున్న ఇళ్ళయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మొదటిసారి కొనేవాళ్ళు అంటే ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంత ఇల్లు లేనివాళ్ళు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పేరు మీద ఫ్లాట్ ఉంటే, తాతగారి ఇంట్లో వాటా వచ్చి ఉన్నా, ఆ మినహాయింపు రాదు. ఆ ఫ్లాట్ ఇంకా చేతిలో ఉంటే 5 శాతం అదనపు భారం కూడా పడొచ్చు. సొలిసిటర్‌కి ఈ సంగతి దాచకుండా చెప్పమనండి.

కాగితాల పని ఆసక్తిగా ఉండదు, కానీ బేరాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆఫర్ వచ్చాక కాదు, లిస్టింగ్‌కి ముందే సొలిసిటర్‌ని పెట్టుకోండి. ల్యాండ్ రిజిస్ట్రీ (ఆస్తులు ఎవరివో నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నుంచి టైటిల్ రిజిస్టర్ 7 పౌండ్లకి డౌన్‌లోడ్ అవుతుంది. పేరు, పాత అప్పుల వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. పెళ్ళికి ముందు పేరుతో కొన్నవాళ్ళకి, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరేలా ఉన్నవాళ్ళకి ఇక్కడే ఆలస్యం మొదలవుతుంది. ఈపీసీ (ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే సర్టిఫికెట్) పదేళ్ళు చెల్లుతుంది, గడువు చూసుకోండి. బాయిలర్ మార్చినా, కిటికీలు మార్చినా, గోడ తీసేసినా దాని సర్టిఫికెట్ అడుగుతారు.

ఫ్లాట్ అయితే ఇంకా ఎక్కువ. లీజ్‌హోల్డ్ (నిర్ణీత ఏళ్ళ లీజు మీద ఉన్న యాజమాన్యం) వివరాలన్నీ ఎల్‌పీఈ1 అనే ఫారంలో మేనేజ్‌మెంట్ కంపెనీ ఇవ్వాలి. వందల పౌండ్లు తీసుకుంటారు, వారాలు పట్టిస్తారు. మాకైతే ఈ ఒక్క కాగితం కోసమే అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూపులు. మెయిల్ పెడితే జవాబు లేదు, ఫోన్ చేస్తే వేరే డిపార్ట్‌మెంట్. ముందే అడిగాం కాబట్టి సరిపోయింది. అప్పటికే కొనేవాళ్ళు దొరికి ఉంటే వాళ్ళ ఓపిక అయిపోయేది. లీజులో మిగిలిన గడువు 80 ఏళ్ళకి దగ్గరపడుతోంటే, దాటి కిందికి వెళ్ళకముందే పొడిగింపు గురించి సొలిసిటర్‌తో మాట్లాడండి. 80 కిందికి పడితే ఖర్చు బాగా పెరుగుతుంది, కొనేవాళ్ళ బ్యాంకులూ వెనకాడతాయి. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ మంటల తర్వాత ఎత్తయిన బిల్డింగుల్లో బయటి గోడల భద్రతకి సంబంధించిన ఈడబ్ల్యూఎస్1 ఫారం కూడా చాలా బ్యాంకులు అడుగుతున్నాయి. అది ఉందో లేదో లిస్టింగ్‌కి ముందే తెలుసుకోవాలి.

ఈ టెన్షనంతా ఎందుకని "వారంలో నగదు ఇచ్చి కొంటాం" అనే సైట్ల వైపు పోయేవాళ్ళున్నారు. వాళ్ళిచ్చేది మార్కెట్ ధర కంటే బాగా తక్కువ. కొందరు ఎక్స్‌ఛేంజ్‌కి ముందు రోజు ఏదో వంక చెప్పి ఇంకా తగ్గిస్తారు. అంతకంటే ఆన్‌లైన్ వేలం మేలు. మామూలు వేలంలో సుత్తి పడగానే కాంట్రాక్ట్ ఎక్స్‌ఛేంజ్ అయినట్టే. కొనేవాడు 10 శాతం వెంటనే కట్టి, సాధారణంగా 28 రోజుల్లో పూర్తి చేయాలి. అద్దెకున్నవాళ్ళతో సహా అమ్మాలంటే కొనేవాళ్ళు ఎక్కువగా దొరికేదీ అక్కడే. "మోడర్న్ మెథడ్" అనే ఇంకో రకం వేలం ఉంది, పేరు చూసి అదీ ఇదీ ఒకటే అనుకోకండి. అందులో సుత్తి పడినా కాంట్రాక్ట్ కుదిరినట్టు కాదు, కొనేవాడు వేల పౌండ్ల రిజర్వేషన్ ఫీజు కడతాడు. ఆ ఫీజుని మన ధరలోంచే తగ్గించి పాడతాడు.

మోసాల గురించి ఒక్క మాట చెప్పి తీరాలి, ఎందుకంటే మనం ఉండని ఇల్లే దొంగలకి అనువైనది. 2021లో లూటన్‌లో ఒక చర్చి ఫాదర్ గారు వేరే ఊళ్ళో ఉండగా, ఎవరో ఆయన పేరుతో ఆయన ఇంటిని 1,31,000 పౌండ్లకి అమ్మేశారు. ఆయన తిరిగి వచ్చేసరికి ఇంట్లో సామాను లేదు, పనివాళ్ళు ఉన్నారు. ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ళ ప్రాపర్టీ అలర్ట్ ఉచితం. పది ఇళ్ళ దాకా నమోదు చేసుకోవచ్చు, రికార్డులో ఎవరు ఏం కదిలించినా మెయిల్ వస్తుంది. అమ్మేవాళ్ళ గుర్తింపుని సొలిసిటర్ సరిచూస్తే తప్ప అమ్మకం నమోదు కాకుండా ఒక ఆంక్ష కూడా పెట్టించుకోవచ్చు. అమ్మేటప్పుడు "మా బ్యాంక్ అకౌంట్ మారింది" అని మెయిల్ వస్తే, ముందునుంచీ మీ దగ్గరున్న నంబర్‌కే ఫోన్ చేసి కనుక్కోండి, మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాదు.

పన్ను దగ్గరికి వస్తే, చాలామంది పడేది గడువు దగ్గర. ఇంటి మీద లాభానికి క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ 18 శాతం, ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి 24 శాతం. కంప్లీషన్, అంటే డబ్బు ముట్టి ఇల్లు చేతులు మారడం, అయిన 60 రోజుల్లో ఆన్‌లైన్‌లో రిటర్న్ వేసి పన్ను కట్టాలి. జనవరిలో వేసే సెల్ఫ్ అసెస్‌మెంట్ దాకా ఆగితే పెనాల్టీ. 1,80,000కి కొన్న ఇల్లు 2,65,000కి అమ్మి, కొన్నప్పటి స్టాంప్ డ్యూటీ, రెండువైపులా సొలిసిటర్, ఏజెంట్ ఖర్చులు కలిపి 6,000 అయ్యాయనుకుంటే లాభం 79,000. ఏడాది మినహాయింపు 2022-23 దాకా 12,300 ఉండేది, ఇప్పుడు 3,000 మాత్రమే. ఒకరి పేరు మీదే ఉంటే 76,000 మీద 24 శాతం, అంటే 18,240. భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉంటే రెండు మినహాయింపులు, పన్ను 17,520. ఒకరి ఆదాయం తక్కువైతే వాళ్ళ వాటాలో కొంత భాగానికి 18 శాతమే పడుతుంది, ఇంకా తగ్గుతుంది. పేరు కలపడం గురించి అకౌంటెంట్‌ని అడగాల్సింది కాంట్రాక్ట్ ఎక్స్‌ఛేంజ్‌కి ముందు. పన్ను లెక్కల్లో అమ్మిన తేదీ అదే, తర్వాత అడిగితే లాభం లేదు. మెయింటెనెన్స్ ఖర్చుల్ని అద్దె ఆదాయంలో ఒకసారి చూపించి ఉంటే మళ్ళీ ఇక్కడ చూపించకూడదు. గది కట్టించడం, ఇల్లు పెంచడం లాంటివి ఇక్కడ చూపించవచ్చు. ఆ బిల్లులు వెతికి పెట్టుకోండి.

హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోయినవాళ్ళకి ఇంకో నియమం. యూకేలో నివాసి కాకపోయినా 2015 ఏప్రిల్ నుంచి ఇక్కడి ఇంటి లాభానికి ఇక్కడ పన్ను ఉంది. అంతకుముందే కొని ఉంటే సాధారణంగా 2015 ఏప్రిల్ 5 నాటి విలువ నుంచి లాభం లెక్కకడతారు. లాభం లేకపోయినా, పన్ను సున్నా అయినా, 60 రోజుల్లో రిటర్న్ మాత్రం వేయాలి. ఇండియాలో కూడా చూపించాల్సి వస్తుంది కాబట్టి రెండువైపులా అకౌంటెంట్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడండి.

ఇక కంప్లీషన్ రోజు. అద్దెకున్నవాళ్ళు ఇంట్లోనే కొనసాగుతుంటే అద్దెకి దిగినప్పుడు వాళ్ళు కట్టిన డిపాజిట్ ఏ స్కీములో ఉందో అక్కడ కొత్త యజమాని పేరుకి మార్పించాలి. ఆ నెల అద్దె రోజుల లెక్కన పంచుకోవాలి. కొత్త యజమాని ఎవరో, ఎక్కడుంటారో రాతపూర్వకంగా వాళ్ళకి తెలియజేయాలి. వాళ్ళు వెళ్ళిపోతుంటే, ఎంత తిరిగి ఇవ్వాలో ఇద్దరూ ఒప్పుకున్న పది రోజుల్లో డిపాజిట్ వాళ్ళ చేతికి చేరాలి. ఎందుకంటే ఆ డబ్బే వాళ్ళు తర్వాతి ఇంటికి కట్టాలి. అద్దె ఎన్నేళ్ళు సమయానికి కట్టారో, ఇల్లు ఎలా ఉంచారో రాసి ఒక రిఫరెన్స్ లెటర్ కూడా ఇవ్వండి. మేం దాన్ని వాళ్ళు ఇళ్ళు వెతకడం మొదలుపెట్టిన వారంలోనే, ఏజెంట్‌కి ఫొటోల తేదీ చెప్పకముందే, సంతకం పెట్టి ఇచ్చాం. అదే స్కూల్‌కి నడిచివెళ్ళేంత దూరంలో వాళ్ళకి ఇల్లు దొరికింది. అక్కడి లాండ్‌లార్డ్ ఫోన్ చేసి అడిగినప్పుడు మావారు ఆ లెటర్‌లో ఉన్నదే మళ్ళీ చెప్పారు.